సాక్ష్యం చెప్పమంటారు, పని మాత్రం ఇవ్వరు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. యాక్సిడెంట్‌లో నడుము దగ్గర వెన్నుపాము దెబ్బతింది, వీల్‌చైర్ వాడుతున్నారు. మీ చర్చి సంఘంలో వాలంటీర్ల టీం హాస్పిటల్ పరామర్శలకీ, కష్టాల్లో ఉన్న కుటుంబాలకు సహాయం చేయడానికీ వెళ్తుంటే నేనూ వస్తానన్నారు. వాళ్లేమో "మీరు రెస్ట్ తీసుకోండి సిస్టర్, మేమే మీకు సేవ చేయాలి, కావాలంటే ఒక ఆదివారం సాక్ష్యం చెప్పండి" అన్నారు. నేను చేయగలిగింది నిజంగా ఏమైనా ఉందా, ఉంటే ఎలా అడగాలి, కనబడినప్పుడల్లా స్వస్థత ప్రార్థన అంటూ చుట్టూ చేరేవాళ్లతో ఏం చేయాలి, ఇదీ మీరు అడిగింది.

నా సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. చిన్నప్పుడే పోలియో వచ్చింది, కాలికి ఊతంగా క్యాలిపర్ వేసుకుని చంక కర్రలతో నడుస్తాను. చాలా ఏళ్లుగా క్రైస్తవ వాలంటీర్ టీంలలో ఉన్నాను, అందులో ఎక్కువ కాలం ఎవరికి ఏ పని అని పంచే బాధ్యతే నాది. అంటే "మీకెందుకండీ శ్రమ" అనిపించుకోవడం ఎలా ఉంటుందో తెలుసు, ఆ మాట అనేవాళ్ల బుర్రలో ఏం నడుస్తుందో కూడా తెలుసు.

సూటిగా చెప్పాలంటే, సాక్ష్యానికి ఇప్పుడే ఒప్పుకోకండి. సాక్ష్యం, అంటే దేవుడు తన జీవితంలో ఏం చేశాడో సంఘం ముందు చెప్పడం, తప్పని కాదు. కానీ వైకల్యం ఉన్నవాళ్లకు సంఘంలో మొదట దొరికేదీ, చివరికి మిగిలేదీ ఆ ఒక్క మైకే అవుతోంది. మీరు మాట్లాడతారు, జనం కళ్లు తుడుచుకుంటారు, పాస్టర్ గారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు, సోమవారం నుంచి మళ్లీ మీకు ఎవరూ ఫోన్ చెయ్యరు, ఎందుకంటే మీ మీద ఆధారపడిన పనేదీ అక్కడ లేదు. పని అనేదానికి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. మీరు ఒక రోజు రాకపోతే ఎవరో ఒకరు "అయ్యో, ఇప్పుడెలా" అని తల పట్టుకోవాలి. అలాంటిది ఒక్కటి అడిగి తీసుకోండి, చిన్నదైనా పర్లేదు. అది చేస్తూ కొంతకాలం గడిచాక సాక్ష్యం చెప్తే, అప్పుడు మీ దగ్గర మీ యాక్సిడెంట్ కాకుండా చెప్పడానికి వేరే సంగతులు కూడా ఉంటాయి.

మెఫీబోషెతు కథ అందరికీ తెలిసిందే కదా. రెండు కాళ్లూ కుంటివైన యోనాతాను కొడుకు, దావీదు పిలిపించి రాజు బల్ల దగ్గర భోజనానికి కూర్చోబెట్టాడు. దయకు ఉదాహరణగా ఈ కథ మీద ప్రసంగాలు చాలా విన్నాను, బాగానే ఉంటాయి. కానీ ఎవరూ గమనించనిది ఏంటంటే, అతనికి బల్ల దగ్గర చోటు దొరికింది గానీ పని దొరకలేదు. పొలాల వ్యవహారమంతా సీబా అనే సేవకుడి చేతిలోకి వెళ్లింది. తర్వాత దావీదు కొడుకు అబ్షాలోము తిరుగుబాటప్పుడు రాజుతో పాటు వెళ్దామని అతను గాడిదను సిద్ధం చేసుకోబోతే, అదే సీబా అతన్ని మోసం చేసి, ముందే రాజు దగ్గరకు వెళ్లి లేనిపోనివి చెప్పి ఆస్తి కొట్టేశాడు. రెండో సమూయేలు 16, 19 అధ్యాయాలు చదవండి. మన రాకపోకలన్నీ ఒకే మనిషి చేతిలో ఉంటే ఏమవుతుందో అంత స్పష్టంగా ఇంకెక్కడా రాసి ఉండదేమో. ఈ రవాణా సంగతికి కిందకి మళ్లీ వస్తాను.

దానికి ఎదురుగా నిర్గమకాండం 4వ అధ్యాయం ఉంది. మోషే నాకు నోరు తిరగదు అన్నాడు. దేవుడు అతని నోరు బాగుచేసి పంపలేదు, సరే అయితే నువ్వు ఇంట్లో ఉండు అని కూడా అనలేదు. పని అలాగే ఉంచి, పక్కన మాట్లాడటానికి అన్న అహరోనును ఇచ్చాడు. ఈ రోజుల్లో ఆఫీసుల్లో పని చేసే వికలాంగులకు ఇవ్వాలని చట్టాలు చెప్పే సర్దుబాటు అచ్చంగా ఇదే. మీ టీం లీడర్‌కి చట్టం భాష ఎక్కకపోతే ఈ అధ్యాయం చూపించండి, ఎక్కుతుంది.

"నేను చేయగలిగింది ఏముంది" అన్నారు చూడండి, ఆ ప్రశ్నను కొంచెం తిప్పి వేసుకోవాలి. "హాస్పిటల్ విజిట్" అనేది ఒక పని కాదు, అది ఒక పది పనుల మూట. ఏ వార్డులో ఎవరున్నారో కనుక్కోవడం, వాళ్ల కుటుంబానికి ఫోన్ చేసి రావచ్చా అని అడగడం, ఎవరు ఎప్పుడు వెళ్లాలో రోస్టర్ వేయడం, బండి మాట్లాడటం, మెట్లెక్కి వార్డుకి వెళ్లడం, మంచం పక్కన కూర్చుని వినడం, అడిగితే ప్రార్థన చేయడం, తర్వాత ఇంటికి వెళ్లాక ఎలా ఉన్నారో వారం వారం కనుక్కోవడం. ఇందులో మీకు కష్టమైంది మెట్లెక్కడం ఒక్కటే. వాళ్లు ఆ ఒక్కదాన్ని చూసి మొత్తం మూటనే మీ చేతిలోంచి తీసేసుకున్నారు. ఏ పనినైనా ఇలా విప్పి పరిచి, నాకు రానిది ఇదొక్కటే, మిగతావి నాకివ్వండి అని అడిగితే ఎదుటివాళ్లు వద్దనడం కష్టం. నేను పనులు పంచేటప్పుడు చేసేది కూడా ఇదే, అందరికీ, వైకల్యం ఉన్నా లేకపోయినా.

మీ విషయంలో ఇంకొకటి ఉంది. మంచం పక్కన కూర్చుని వినడం అనే ఆ భాగంలో, మీ టీంలో ఎవరి దగ్గరా లేనిది మీ దగ్గర ఉంది. వెన్నుపాము దెబ్బతిని నెల కూడా కాని మనిషి దగ్గరికి మామూలు వాలంటీర్ వెళ్తే "దేవుడు చూసుకుంటాడు బ్రదర్" అని వచ్చేస్తాడు. ఆ మనిషికి తెలుసుకోవాలని ఉన్నది వేరు. యూరిన్ సంగతి బయటికి వెళ్లినప్పుడు ఎలా, కాథెటర్, అంటే యూరిన్ తీసే గొట్టం, ఎవరు వెయ్యాలి, మోషన్‌కి టైం ఎలా కుదుర్చుకోవాలి, బెడ్‌సోర్ మొదలవుతోందని ఎలా తెలుస్తుంది, పెళ్లి, ఉద్యోగం, నా భార్య నన్ను వదిలేస్తుందా. ఇవి డాక్టర్‌ని అడగడానికి సిగ్గు, ఇంట్లోవాళ్లని అడగడానికి భయం. మీరు వీల్‌చైర్‌లో ఆ వార్డులోకి రావడమే సగం జవాబు. ఇలా ఒకే అనుభవం ఉన్నవాళ్లు ఒకరికొకరు తోడుగా ఉండటాన్ని రిహాబిలిటేషన్ సెంటర్లలో ఒక పద్ధతిగానే నడుపుతారు, మీ దగ్గర్లో ఏదైనా ఉంటే అక్కడ కొద్దిగా ట్రైనింగ్ తీసుకోండి. ఒక్క జాగ్రత్త. మందులు, మోతాదులు, ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా, వీటి జోలికి వెళ్లకండి, అవి డాక్టర్‌ని అడగమనండి. "నన్ను చూసైనా ధైర్యం తెచ్చుకోండి" అనే మాట కూడా వద్దు. అది విన్నవాడికి ధైర్యం రాదు, ఏడవడానికి కూడా హక్కు లేదేమో అనిపిస్తుంది.

ఇక్కడ డాక్టర్ మేరీ వర్గీస్ గురించి చెప్పాలి, మీకు తెలియకపోతే. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో యువ డాక్టర్‌గా ఉండగా 1954లో కారు యాక్సిడెంట్‌లో నడుము కింద భాగమంతా చచ్చుబడిపోయింది. ఇక ఈవిడ కెరీర్ అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. కుష్టు వల్ల వంకరపోయిన చేతులకు చేసే సర్జరీలో సర్జన్ కూర్చుని చేయొచ్చు. అంతే. వీల్‌చైర్‌లో కూర్చుని ఆ చేతుల ఆపరేషన్లు చేశారు. తర్వాత పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి ఆ విభాగాన్ని నడిపారు, 1966లో వెల్లూరులో రిహాబిలిటేషన్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది, 1972లో పద్మశ్రీ వచ్చింది. నాకు ఈ కథలో నచ్చేది పద్మశ్రీ కాదు. "కూర్చుని చేయగలిగే సర్జరీ ఏది" అని ఎవరో ఒక ప్రశ్న వేశారే, అది. సంఘాల్లో ఆ ప్రశ్న వేసే మనిషి ఒక్కరుంటే చాలు, బోలెడు మంది ఇంట్లో కూర్చోకుండా ఉంటారు. మీ టీంలో అలాంటివాళ్లు లేరు కాబట్టి ప్రస్తుతానికి ఆ ప్రశ్న మీరే వెయ్యాలి.

ఇది చదివే వేరేవాళ్ల కోసం కూడా కొంచెం రాస్తాను, ఎందుకంటే ఇదే ప్రశ్న చూపు లేనివాళ్లు, వినబడనివాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు కూడా నన్ను అడుగుతుంటారు.

చూపు లేనివాళ్లకు ఫోన్ పరిచర్య బాగా సరిపోతుంది అని అందరూ అంటారు, నిజమే, ఫోన్‌లో ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వచ్చాక నంబర్ల లిస్టు, నోట్స్, మెసేజీలు అన్నీ సొంతంగా చూసుకోవచ్చు. కానీ అక్కడితో ఆపేయకండి. బ్రెయిలీ పుస్తకాలు తయారుచేసేచోట ప్రూఫ్ చూడటానికి వేలితో చదివేవాళ్లే కావాలి, కంటితో చూసేవాళ్ల కంటే వాళ్లకే తప్పు త్వరగా దొరుకుతుంది. విలియం మూన్ అనే ఇంగ్లండ్ ఆయన దాదాపు ఇరవై ఒక్క ఏళ్ల వయసులో చూపు పోగొట్టుకుని, తన చుట్టూ ఉన్న చూపు లేనివాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టాడు. అప్పటి ఉబ్బెత్తు అక్షరాలు వాళ్ల వేళ్లకు అందట్లేదని చూసి, 1845లో తేలికైన లిపి ఒకటి తయారుచేసి, దాంతో బైబిల్ భాగాలు అచ్చు వేయించాడు. పెద్ద వయసులో చూపు పోయినవాళ్లకు వేళ్లలో బ్రెయిలీ చుక్కలు పట్టుకునేంత స్పర్శ ఉండదు, మూన్ లిపి వాళ్లకు చాలాకాలం పనికొచ్చింది. ఫ్యానీ క్రాస్బీ ఎనిమిది వేలకు పైగా కీర్తనలు రాసిందని అందరికీ తెలుసు, పసితనంలోనే చూపు పోయిందనీ తెలుసు. న్యూయార్క్‌లో తాగుడికి బానిసలై రోడ్డున పడ్డవాళ్ల కోసం నడిపే రెస్క్యూ మిషన్లకు వెళ్లి వాళ్ల పక్కన కూర్చుని మాట్లాడేదని మాత్రం తక్కువ మంది చెప్తారు. స్టేజీ మీద పాట గుర్తుంటుంది, బెంచీ మీద కూర్చున్న గంటలు ఎవరికీ గుర్తుండవు.

వినబడనివాళ్ల సంగతి వేరు, వాళ్ల విషయంలో సంఘాలు చేసే పెద్ద పొరపాటు ఏంటంటే ఒక ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టి మా బాధ్యత తీరిపోయింది అనుకోవడం. అప్పుడు కూడా వాళ్లు వినేవాళ్లుగానే మిగిలిపోతారు, చేసేవాళ్లు కారు. ఆండ్రూ ఫాస్టర్ అని ఒక ఆఫ్రికన్ అమెరికన్ ఉన్నాడు, పదకొండేళ్లప్పుడు మెదడువాపు లాంటి జబ్బుతో వినికిడి పోయింది, 1954లో గాలాడెట్‌లో, అంటే బధిరుల కాలేజీలో, డిగ్రీ తీసుకున్న మొదటి నల్లజాతి విద్యార్థి. 1956లో ఒక మిషన్ మొదలుపెట్టి, మరుసటి సంవత్సరం ఘనా వెళ్లి బడి పెట్టి, ఆ తర్వాత 1987లో విమాన ప్రమాదంలో చనిపోయేదాకా ఆఫ్రికాలో 13 దేశాల్లో 30కి పైగా బధిర పాఠశాలలు మొదలవడానికి కారణమయ్యాడు. వినబడే మిషనరీ ఎవరైనా అంత పని చేసేవాడా అంటే నాకు అనుమానమే, వాళ్ల భాష అతని సొంత భాషలాంటిది కదా. అమెరికన్ సైన్ లాంగ్వేజ్‌లో బైబిల్ మొత్తం వీడియోగా 2020లో పూర్తయింది, పని 1982లో మొదలైంది, అందులో బధిరులే అనువాదకులు. ఆ పని వినబడేవాళ్లకు అప్పగించి ఉంటే అది ఇంకోలా తయారయ్యేది. మీ సంఘంలో సైన్ లాంగ్వేజ్ వచ్చిన బధిరులు ఇద్దరున్నా సరే, ఇంకో బధిర కుటుంబాన్ని పరామర్శించే పని వాళ్లకే పూర్తిగా ఇచ్చెయ్యండి, మధ్యలో మీరు దూరకండి.

బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు "మావాడు సేవేం చేస్తాడండీ, వాడే మాకు సేవ" అంటుంటారు. అది ప్రేమతో అనే మాటే, కానీ ఆ మాట వెనక ఆ పిల్లాడికి పని లేకుండా పోతుంది. ప్రతి వారం ఒకేలా జరిగే పని, మొదలూ చివరా కంటికి కనబడే పని, పక్కన ఒకరు తోడు, ఈ మూడూ ఉంటే చాలామంది చక్కగా చేస్తారు. పాటల పుస్తకాలు పంచడం, తలుపు దగ్గర వచ్చినవాళ్లను పలకరించడం, సహాయం ప్యాకెట్లలో వస్తువులు వరసగా వేయడం. పని వరసను బొమ్మలుగా గీసి గోడకు అంటిస్తే సగం గొడవ తగ్గుతుంది. హెన్రీ నౌవెన్ అని పేరున్న ప్రొఫెసర్, హార్వర్డ్ వదిలేసి 1986లో టొరంటో దగ్గర, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి బతికే లార్ష్ అనే కమ్యూనిటీకి వెళ్లి, మాట్లాడలేని, సొంతంగా నడవలేని ఒక యువకుడికి స్నానం చేయించే పనిలో ఉన్నాడు, ఆ యువకుడి దగ్గర నేర్చుకున్నానని రాశాడు. ఈ కథను మన ప్రసంగీకులు "వాళ్లు ఉండటమే ఒక సేవ" అని ముగిస్తారు, నాకు అది పూర్తిగా మింగుడు పడదు. ఏ కదలికా లేనివాళ్లకు ఆ మాట నిజం, గౌరవం కూడా. పని చేయగలిగినవాళ్లకు అదే మాట చెప్తే అది గదికి గడియ పెట్టడమే. ఆ లార్ష్ స్థాపకుడి గురించి, ఆయన మహిళలను లైంగికంగా దోపిడీ చేశాడని 2020లో ఆ సంస్థే విచారణ చేయించి బయటపెట్టింది, అదీ తెలుసుకోవాలి. అంటే ఎంత భక్తి ఉన్న చోటైనా, ఎంత పేరున్న మనిషైనా, వాలంటీర్‌ని గానీ సేవ అందుకునేవాళ్లను గానీ ఒంటరిగా తలుపులేసిన గదిలో ఉంచే పద్ధతి ఒప్పుకోవద్దు. వికలాంగ మహిళగా మీరు ఈ విషయంలో మొహమాట పడకండి. విజిట్‌కి ఇద్దరు వెళ్లాలి, ఎక్కడికి వెళ్లారో మూడో మనిషికి తెలియాలి.

డిప్రెషన్, బైపోలార్ లాంటివి ఉన్నవాళ్లకు ఒక్క మాట. బాగున్న రోజుల్లోనే టీం లీడర్‌తో "నాకు బాగోకపోతే ఇలా మెసేజ్ పెడతాను, అప్పుడు నా పని ఫలానావాళ్లు చూసుకుంటారు" అని ముందే అనుకుని ఉంచండి. మందులు మానేసి విశ్వాసం చూపించమని ఎవరైనా అంటే ఆ టీం మీకు వద్దు.

ఇక మళ్లీ మీ దగ్గరికి. పని మొదలుపెట్టే ముందు చోటు చూసుకోవాలి. టీం వాళ్లు "ర్యాంపు ఉంది సిస్టర్" అంటారు, వెళ్తే అది సామాన్లు దించే పలక అయ్యుంటుంది. సొంతంగా నెట్టుకుంటూ ఎక్కాలంటే ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి, ఇది చాలా దేశాల ప్రమాణాల్లో ఉన్న లెక్క. నాలుగు అడుగుల్లో ముగించేస్తే అది ర్యాంపు కాదు. వెళ్లే ముందు గుమ్మం ఫోటో, టాయిలెట్ తలుపు ఫోటో అడిగి తెప్పించుకోండి, తలుపు వెడల్పు టేపుతో కొలిచి చెప్పమనండి, "సరిపోతుందనుకుంటా" అనే జవాబు తీసుకోవద్దు. ప్యాకింగ్ పని అయితే టేబుల్ కింద మీ మోకాళ్లు పట్టాలి, లేకపోతే పక్కకి వంగి పనిచేసి రెండో రోజుకే భుజం పట్టేస్తుంది.

ఒంటి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు గానీ, సేవ ఉత్సాహంలో మర్చిపోయేవాళ్లను చూశాను కాబట్టి చెప్తున్నాను. ప్రతి 15 నుంచి 30 నిమిషాలకు ఒకసారి ఒళ్లు పైకెత్తో, పక్కకి వంగో పిరుదుల మీద బరువు తగ్గించుకోవడం వార్డులో ఉన్నా, ప్రార్థన మధ్యలో ఉన్నా ఆపకండి. నీళ్లు తాగడం మానేసి యూరిన్ సమస్య తప్పించుకోవడం అస్సలు వద్దు, ఇన్‌ఫెక్షన్ వస్తే నెలంతా పోతుంది. మీ గాయం నడుము దగ్గర అన్నారు కాబట్టి మీకు ఇది సాధారణంగా వర్తించదు, కానీ ఛాతీ మధ్య భాగం దగ్గర, టీ6 అనే వెన్నుపూస దగ్గర గానీ అంతకంటే పైన గానీ గాయం ఉన్నవాళ్లు చదువుతుంటే, యూరిన్ నిండిపోయినా కాథెటర్ మడతపడినా ఒక్కసారిగా బీపీ పెరిగి విపరీతమైన తలనొప్పి, చెమటలు వస్తాయని, అప్పుడు పడుకోబెట్టకూడదని, నిటారుగా కూర్చోబెట్టి బట్టలు వదులు చేసి కాథెటర్ చూడాలని, తగ్గకపోతే వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లాలని టీంలో కనీసం ఇద్దరికి నేర్పండి. చీటీ మీద రాసి వీల్‌చైర్ వెనక జేబులో పెట్టండి.

రవాణా గురించి చెప్తానన్నాను కదా. చాలామంది వాలంటీరింగ్ మానేసేది వైకల్యం వల్ల కాదు, తీసుకెళ్లే మనిషి వల్ల. ఒక బ్రదర్ మంచివాడు, ప్రతి వారం కారులో తీసుకెళ్తాడు, ఆయనకు పెళ్లయింది, లేదా ఊరు మారాడు, లేదా మీ మీద చిరాకు పడ్డాడు, మీ సేవ ఆ రోజుతో అయిపోయింది. కాబట్టి ముగ్గురు నలుగురి పేర్లతో రోస్టర్ ఉండాలి, అది మీరు బతిమాలి తయారు చేసుకునేది కాకూడదు, టీం వేసిన రోస్టర్‌లో భాగంగా ఉండాలి. ఖర్చు కూడా అడగండి. మిగతా వాలంటీర్లు బండి మీద వెళ్తారు, మీకు వీల్‌చైర్ పట్టే వాహనం కావాలి, ఆ తేడా మీ జేబులోంచి పోవడం న్యాయం కాదు. సంఘం దగ్గర నిజంగానే డబ్బు లేకపోతే, బయటికి వెళ్లే రోజులు తగ్గించి ఫోన్ పని ఎక్కువ తీసుకోండి, కానీ అడగకుండానే మీరే మోసుకోవద్దు.

ఫోన్ పని అనగానే అది చిన్నది అనుకోకండి. ఎమీ కార్మైకేల్ అనే మిషనరీ 1931లో పడిపోయి దెబ్బ తగిలాక, 1951లో చనిపోయేదాకా దాదాపుగా తన గదికే పరిమితమైపోయింది. తమిళనాడులోని దోనావూరులో ఆ గదిలోంచే ఉత్తరాలు, పుస్తకాలు రాస్తూ, వచ్చినవాళ్లతో మాట్లాడుతూ పనిచేసింది. మంచం మీదున్నవాళ్లు కూడా జైల్లో ఉన్నవాళ్లకు ఉత్తరాలు రాస్తారు, ఒంటరిగా ఉండే వృద్ధులకు రోజూ ఒకే టైంకి ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ ఎత్తకపోతే పక్కింటివాళ్లకు చెప్పే ఏర్పాటు ఉంటే అది ప్రాణాలు కాపాడే పని. ఒక్కటే చెప్తాను, విన్న సంగతులు "ప్రార్థన అంశం" పేరుతో వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఫలానా సిస్టర్‌కి భర్తతో గొడవలు, ప్రార్థించండి అని గ్రూపులో పడితే ఆ సిస్టర్ ఇంకెప్పుడూ నోరు విప్పదు. పేషెంట్లు వేరే మతంవాళ్లయితే ప్రార్థన చెయ్యొచ్చా అని అడగండి, వద్దంటే వద్దు, విజిట్ మాత్రం మానకండి.

స్వస్థత ప్రార్థనల గురించి. దీనికి ఒక్క పద్ధతి లేదు, మనిషిని బట్టి ఉంటుంది. ప్రేమతో అడిగేవాళ్లకు నేను "చేయండి, నా భుజం నొప్పి కోసం కూడా చేయండి" అంటాను, ఎందుకంటే చంక కర్రల వల్ల అది నిజంగానే నొప్పి, కాళ్ల గురించి మాత్రమే ఆలోచించేవాళ్లకు అప్పటిదాకా తట్టని విషయం. పని మధ్యలో వచ్చి చెయ్యి వేసేవాళ్లకు "ఇప్పుడు డ్యూటీలో ఉన్నాను, తర్వాత" అనండి. అడగకుండా వీల్‌చైర్ నెట్టేవాళ్లకూ అదే. ఇక "మీకు విశ్వాసం చాలట్లేదు, అందుకే" అనేవాళ్లు ఉంటారు, వాళ్లతో వాదన పెట్టుకుంటే మీ సాయంత్రం పోతుంది. పౌలు తన ఒంట్లో ముల్లులా ఉన్న బాధను తీసేయమని దేవుణ్ని మూడుసార్లు అడిగాడు, తీయలేదు, "నా కృప నీకు చాలును" అని జవాబు వచ్చింది, ఆయన విశ్వాసం మీద అనుమానం ఉంటే మాట్లాడదాం అని చెప్పి వెళ్లిపోవడమే. ఇదే వ్యక్తి టీం లీడర్ అయితే మాత్రం విషయం సీరియస్, ఎందుకంటే వార్డులో పేషెంట్లతో కూడా ఇదే మాట అంటాడు. అప్పుడు పాస్టర్ గారితో విడిగా మాట్లాడాలి.

ఇంకో అభ్యంతరం కూడా రావచ్చు, లేవీయకాండం 21లో లోపం ఉన్నవాడు బలిపీఠం దగ్గరికి రాకూడదని ఉంది కదా అని. అది అహరోను వంశపు యాజకుల బలి అర్పణ గురించి చెప్పిన నియమం. హాస్పిటల్ రోస్టర్‌కి దానికి సంబంధం లేదు.

ప్రపంచంలో సుమారు 16 శాతం మంది, అంటే దాదాపు 130 కోట్ల మంది, చెప్పుకోదగ్గ వైకల్యంతో బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మీ టీం సేవ చేయడానికి వెళ్లే ఇళ్లలో, వార్డుల్లో వాళ్లు ఎలాగూ ఉంటారు. టీంలో మాత్రం ఒక్కరూ లేరంటే, అది మీ టీం లీడర్ ఆలోచించుకోవాల్సిన సంగతి. జోనీ ఎరెక్సన్ టాడా 17 ఏళ్లప్పుడు, 1967లో, నీళ్లలోకి డైవ్ చేసి మెడ విరిగి చేతులూ కాళ్లూ చచ్చుబడిపోయిన మనిషి, 1979లో ఆమె మొదలుపెట్టిన సంస్థ పాత వీల్‌చైర్లు సేకరిస్తుంది, జైళ్లలో ఖైదీలు వాటిని రిపేర్ చేస్తారు, థెరపిస్టులు వేరే దేశాలకు వెళ్లి ఒక్కొక్కరి కొలతకు సరిచేసి ఇస్తారు. సేవ అందుకునేవాళ్లు అని సమాజం పక్కన పెట్టినవాళ్లే, అంటే వికలాంగులూ ఖైదీలూ, ఆ పనిలో పెద్ద భాగం చేస్తున్నారు.

ఎలా అడగాలి అన్నారు కాబట్టి, ఎదురుగా మాట్లాడితే మళ్లీ జాలి మొదలవుతుంది, ముందు మెసేజ్ పెట్టండి. ఇలా రాయొచ్చు: "బ్రదర్, హాస్పిటల్ టీంలో నేను రెండు పనులు తీసుకుంటాను. ఒకటి, డిశ్చార్జ్ అయినవాళ్లకు వారానికి ఒకసారి ఫోన్ చేసి ఎలా ఉన్నారో రాసి మీకు పంపడం. రెండు, లిఫ్ట్ ఉన్న హాస్పిటల్‌లో వెన్నుపాము గాయం, ఫ్రాక్చర్ పేషెంట్ల దగ్గరికి ఇంకో సిస్టర్‌తో కలిసి వెళ్లడం. రెండు నెలలు చూద్దాం, కుదరకపోతే మార్చుకుందాం. ఈ వారం లిస్టు ఎప్పుడు పంపుతారు?" చివర్లో ఆ ప్రశ్న తప్పకుండా ఉంచండి. "నాకేదైనా పని ఉంటే చెప్పండి" అని రాస్తే "తప్పకుండా సిస్టర్, ప్రార్థిద్దాం" అని వస్తుంది, అంతే, దాని తర్వాత ఏదీ రాదు.

రెండుసార్లు అడిగినా లిస్టు రాకపోతే ఇంకో సంఘం టీంనో, హాస్పిటల్ సొంత వాలంటీర్ డెస్క్‌నో అడగండి, ఆరాధనకు మీ సంఘానికే వెళ్తూ సేవ వేరేచోట చేయడంలో తప్పేం లేదు. మీ దగ్గర ఏ హాస్పిటల్‌కి లిఫ్ట్ ఉంది, వారంలో ఎన్ని గంటలు వీలవుతుంది, ఈ రెండూ కింద రాయండి, ఆ మెసేజ్‌ని మీకు సరిపోయేలా మార్చి ఇస్తాను.